గూడుబండి ప్రయాణములు

1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశీకి బయలుదేఱిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, పదునైదు మాసములకు పైగా దేశము తిరిగి, జగన్నాథము మీదుగా మన తీరపు జిల్లాలను ఒక్కొక్కటిగా దాటి, నెల్లూరు మార్గమున 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరిరి. వారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ పని చేసిన పెద్దమనిషి. పల్లకి కలదు, మోయుటకు బోయీలు కలరు, వెంట సుమారు నూఱుమంది పరివారము కలదు. వారి యాత్రాచరిత్రము వారు గతించిన పిమ్మట 1838లో అచ్చయినది. ఆ గ్రంథమును చదువునపుడు మజిలీ మజిలీకిని ఒకే ప్రశ్న మనకు వినవచ్చుచుండును: ఈ రాత్రి దిగుట యెచ్చట? నీరున్నదా, అంగళ్ళున్నవా, తలదాచుకొన చోటున్నదా?

పల్లకి గలవారికే ఈ చింత తప్పలేదు. ముసలితల్లిని, చంటిబిడ్డను వెంటబెట్టుకొని నెల్లూరు మండలమునుండి తిరుపతికో పెంచలకోనకో చెన్నపట్టణమునకో పోవలసిన సామాన్య గృహస్థు మాట యేమి? సత్రములు లేకపోలేదు. కాని అన్ని మజిలీలలోను ఉండవు, ఉన్నచోట అందఱకును చోటు దొరకదు. అందుచేత నతడు తన పడకగదినే చక్రములపై కెక్కించెను. దానినే మనవారు గూడుబండి యనిరి.

ఈ బండిని గుఱించి చెప్పునపుడు ఒక భేదమును మొదటనే గమనింపవలెను. బండి కట్టించుట వేఱు, గూడు కట్టుకొనుట వేఱు. బండి వడ్రంగిది, కమ్మరిది. తుమ్మకఱ్ఱను కోసి, ఆరబెట్టి, నాభి తొలిచి, ఆకులు దిగగొట్టి, పూటీలు కూర్చి చక్రమును సిద్ధముచేయుట యొక పని. దానికి ఇనుపపట్టా తొడుగుట మఱొక పని. పట్టాను చక్రముకంటె ఇంచుక చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, అది వ్యాకోచించియున్న క్షణముననే పట్టుకార్లతో తెచ్చి చక్రముపై దింపి, వెంటనే నీళ్ళు గుమ్మరింతురు. చల్లారిన పట్టా బిగిసి పూటీలను, ఆకులను, నాభిని ఏకముగా నొక్కిపట్టును. ఒక్క మేకు లేకయే చక్రము ఏండ్లతరబడి నిలుచుటకు ఇదియే కారణము. ఈ పని గృహస్థుని చేతిలోనిది కాదు. దీనికి డబ్బో ధాన్యమో చెల్లింపవలసినదే.

గూడు మాత్రము ఇంటిది. పచ్చివెదురును చీల్చి, బద్దలను అర్ధచంద్రాకారముగా వంచి, రెండు కొనలను బండి ప్రక్కపట్టెలకు కట్టుదురు. అడ్డముగా సన్నబద్దలు పఱచి తాటినారతో ముడులు వేయుదురు. పైన ఈతచాప, దానిపై తాటాకు, కలిగినవారైన తారు పూసిన గుడ్డ. ముందుభాగమున గూడు ఒక జానెడు పొడుగుగా సాగియుండవలెను. లేనిచో జల్లు లోనికి కొట్టును. ఇక లోపల మోకాలు దిగబడునంత వరిగడ్డి, గడ్డిపై గోనె, గోనెపై జంబుఖానా. ఈ గడ్డి రెండు పనులు చేయును. దారిపొడవునను కుదుపులను తాను మింగును. ప్రయాణాంతమున ఎద్దులకు మేతయగును. పడకయే మేతయైన వాహనము లోకమున మఱి యెచ్చటనైన కలదో లేదో మే మెఱుగము. వెనుక గూటికొనకు రాగిచెంబు, ఉట్టి, అటుకుల మూట, అన్నము వండుకొను పాత్రలు వ్రేలాడుచుండును. ఇరుసు క్రింద కందెన గొట్టము, లాంతరు.

కొలతబద్ద లేకయే ఇంత పని జరిగినను, ఒక్క లెక్క మాత్రము ఎవ్వరును తప్పుటకు వీలులేదు. అది బరువు లెక్క. రెండు చక్రముల బండి త్రాసువంటిది; ఇరుసు దాని ముల్లు. బరువు ముందునకు వాలిన కాడి ఎద్దుల మూపులను అణచును. వెనుకకు వాలిన కాడి పైకి లేచి మెడక్రింది త్రాళ్ళు వాని గొంతులకు బిగియును. కావున ఇంచుక ముందుబరువుండునట్లు మనుష్యులను, మూటలను సర్దవలెను. మిట్ట ఎక్కునపుడు బరువు తనంతట వెనుకకు జాఱును గనుక తోలువాడు నొగలమీదికి ముందునకు జరుగును. పల్లము దిగునపుడు వెనుకకు జరుగును. అతడు అటునిటు జరుగుట సోమరితనమని పట్నపువారు తలంతురు. అది యంతయు లెక్క.

ఈ లెక్క తప్పిననాడు ఏమగునో మా అమ్మమ్మగారు చెప్పగా మేము చిన్ననాట వింటిమి. కార్తికమాసపు ముసురులో నాయుడుపేట దగ్గఱ స్వర్ణముఖి దాటుచున్నారట. అప్పుడామెకు ఏడెనిమిదేండ్లు. తండ్రి బండి తోలుచుండగా లోపల తల్లి, నాయనమ్మ, నలుగురు పిల్లలు. ఎదురుజల్లు ముందునుండి కొట్టుటచే లోపలివారందఱు తడియకుండ వెనుకకు ఒదిగి కూర్చుండిరి. ఏటినడుమ కాడి లేచినది. ఎడమటి ఎద్దు గురకపెట్టి మోకాళ్ళపై కూలబడెను. చక్రముల క్రింద ఇసుక కరగిపోవుచున్నది. తండ్రి ఒక్క యుఱుకున నొగలకొనకు దూకి కాడిపై పడి దానిని తన బరువుతో అణచిపట్టి, "ముందుకు రండి! అందఱును ముందుకు రండి!" యని కేకవేసెనట. తడిసినను మంచిదని అందఱు ముందునకు ప్రాకిరి. ఎద్దు లేచినది. ఒడ్డు చేరినపిమ్మట ఆయన ఎవ్వరిని ఏమియు ననక, చాలసేపు ఆ ఎద్దు గొంతు నిమురుచు నిలుచుండెనని అమ్మమ్మగారు చెప్పుచుండిరి. తడిసిన గడ్డిపై ఆ రాత్రి పడుకొన్న చంటిబిడ్డకు వచ్చిన జ్వరము పదిదినములు విడువలేదట.

ఎద్దుల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. నెల్లూరు బండ్లకు పేరుదెచ్చినవి ఒంగోలుజాతి యెద్దులు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువఱకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. అందుచేతనే సముద్రములు దాటి బ్రెజిలు చేరిన ఈ జాతి పశువులకు అచ్చట 'నెలోరి' యను పేరు స్థిరపడినది. ఆ దేశమున నేడు మాంసపు పశువులలో ప్రధానజాతి అదియే. కాడి మోసిన జాతికి అంత దూరపు దేశమున మన ఊరిపేరు నిలిచియుండుట చిత్రము.

నెల్లూరునుండి చెన్నపట్టణము సుమారు నూటపది మైళ్ళు. ఎద్దుబండి గంటకు రెండు మైళ్ళు, మించిన రెండున్నర. ఎండవేళ చెట్టునీడను దిగి వంటచేసుకొని, చల్లబడినపిమ్మట కట్టి తెల్లవాఱువఱకు నడిపింతురు. రాత్రికి పదునైదు మైళ్ళు సాగిన గొప్ప. అనగా ఏడెనిమిది రాత్రులు ఆ గూటిలోనే. దొంగలభయముచే బండ్లు బారుగా పోవును. ముందుబండివాడు మేలుకొనియున్న చాలును. వెనుకవారు కునుకుచుండగా ఎద్దులే ముందు బండిని అనుసరించును.

తీరమునకు మిక్కిలి చేరువనున్న గ్రామములవారి మాట వేఱు. మైపాడు, కోడూరు, తూపిలిపాలెము వంటి చోట్ల నేల యంతయు ఇసుక. ఇనుపపట్టా చక్రము ఇసుకలో దిగబడును. వారికి గూడుబండి చేయు పనిని కాలువపడవ చేసినది. 1806లో బేసిల్ కాక్రేన్ అను నతడు చెన్నపట్టణమునుండి ఎన్నూరు వఱకు త్రవ్వించిన పదునొకండు మైళ్ళ ఉప్పుకాలువ క్రమముగా ఉత్తరమునకు పెరుగుచు, పులికాటు సరస్సును దాటి, దుగరాజపట్టణము, కృష్ణపట్టణముల ప్రక్కగా పెదగంజాము వఱకు వచ్చినది. 1876-78 నాటి ఘోరక్షామమున కూలిపని కల్పించుటకై చెన్నపట్టణములో నడిమి తుండును త్రవ్వించి, నాటి గవర్నరు పేర 1878లో దీనికి బకింగుహాము కాలువ యని పేరు పెట్టిరి. మొత్తము పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు మన రాష్ట్రములోనిది. ఆకలిగొన్నవారి చేతులతో త్రవ్వబడిన కాలువకు ప్రభువు పేరు నిలిచినది.

ఆ కాలువలో శ్రీహరికోట అడవికట్టెలు, ఉప్పు, ధాన్యము చెన్నపట్టణమునకు పోయెడివి. పడవపైని గూడును బండిగూటివలెనే వెదురు, చాపలతో కట్టినదే. గాలి యున్న తెరచాప, లేనిచో గడ, అదియు చాలనిచో ఒడ్డున నడచుచు త్రాడు లాగు మనుష్యులు. లోపలివారికి కుదుపు లేదు, దుమ్ము లేదు. దోమలు మాత్రము లెక్కకు మిక్కిలి.

ఇదే కాలమున పడమటి దేశములలో ఒక వింత జరిగెను. మనవారికి అవసరమైన పని వారికి వినోదమైనది. 1885లో గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు వైద్యుడు, ఓడలలో పనిచేసి విరమించినవాడు, 'వాండరర్' అను పేర గుఱ్ఱములు లాగు గదిబండిని చేయించుకొని కేవలము విహారమునకై ఊళ్ళు తిరిగెను. అది రెండు టన్నుల బరువు. మోటారుకారు వచ్చినపిమ్మట బండి చిన్నదైనది. 1930లలో, ఆర్థికమాంద్యపు దినములలో, అమెరికాలోని సామాన్యులు పాత కారుల ఇరుసును, చక్రములను తెచ్చుకొని, వానిపై పలుచని చెక్కపలకలతో తమ పెరటిలోనే చిన్నగూడు కట్టి, కారు వెనుక తగిలించుకొని పోసాగిరి. ముందు గుండ్రమై, వెనుకకు సన్నగిల్లి, గాలిని చీల్చుకొని పోవునట్లుండుటచే దానికి కన్నీటిబొట్టు ట్రెయిలరు అని పేరు వచ్చినది. లోపల ఇద్దఱు పడుకొనుటకే చోటు, నిలుచుటకు వీలులేదు. వెనుకమూత పైకెత్తిన అదియే వంటిల్లు. కొలతలతో గూడిన నమూనాచిత్రములను అచ్చటి పత్రికలు ప్రకటించుచుండెను.

ఆ చిత్రములను మేము చూచినపుడు మాకు మన బండియే జ్ఞప్తికి వచ్చినది. చక్రము పరులది, గూడు తనది, వంట వెనుకతట్టున, పడుకొనుటకే గాని నిలుచుటకు కాదు. బరువు లెక్కయు అదియే. ట్రెయిలరు మొత్తపు బరువులో పదవ వంతునకు పైగా కారుకొక్కెముపై పడునట్లు ముందుబరువుండవలెనని, లేనిచో వేగమున వెనుకభాగము పామువలె ఊగులాడి కారునే పడద్రోయునని వారి నియమము. స్వర్ణముఖి నడుమ మా ముత్తాతగారు కాడిపై దూకి చెప్పిన మాటయు ఇంతకంటె వేఱు కాదు. ఒక్క భేదము: అచ్చట తప్పిన ఇనుము వంగును, ఇచ్చట తప్పిన ప్రాణి గొంతు బిగియును. మనవారి లెక్క మఱింత నిక్కచ్చిగా నుండుటకు ఇదియొక కారణము కావచ్చును.

1899లో బెజవాడ-గూడూరు రైలుమార్గము తెఱువబడగానే దూరప్రయాణములు బండినుండి రైలునకు మాఱినవి. ఏడురాత్రుల దారి ఒక్క పగటిదారి యైనది. గూడుబండికి పెండ్లిండ్లు, తీర్థములు, పురుటికి ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుట మిగిలినవి. బస్సులు వచ్చినపిమ్మట అవియు పోయినవి. కాలువపడవలును రైలుతో, లారీలతో పోటీపడలేకపోయినవి. 1960లు, 70లలో వచ్చిన తుపానులు గట్లను, లాకులను దెబ్బతీసినవి. కట్టెలు నఱికి పంపిన శ్రీహరికోటనుండి 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు ఎగిరెను. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు పాడుబడిన ఆ కాలువయే అలల తాకిడిని కొంత తనలో నిముడ్చుకొని వెనుకనున్న పల్లెలను కాచినది. 2008లో దానిని నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చిరి.

చక్రములు ఊడదీసి అమ్ముకొన్నను గూటిని ఎవరును కొనరు. మా అమ్మమ్మగారి పుట్టింట దానిని పెరటిలో బోర్లించి కోళ్ళకు నీడ చేసిరి. చాపలు శిథిలమైనను వెదురుబద్దల వంపు మాత్రము సడలలేదు. తాటినార ముడులు మేము విప్పజూచితిమి గాని విడలేదు.