ఇంటి పన్ను, ఇల్లాలి ఓటు

వార్డు అనగానే మనకు రెండు గుర్తొస్తాయి. ఒకటి ఆసుపత్రిది, రెండోది మునిసిపాలిటీది. మొదటిదాంట్లో మనం పడుకుంటే నలుగురూ వచ్చి మనల్ని పలకరించిపోతారు. రెండోదాంట్లో మనం నిలబడితే నలుగురి గుమ్మాలకూ మనమే వెళ్లి పలకరించాలి. ఖర్చు రెండింటికీ ఒకలాగే ఉంటుందని నిలబడి ఓడినవాళ్లు చెబుతారు!

ఎన్నిక ఎంత చిన్నదైతే దాని వేడి అంత ఎక్కువ. పార్లమెంటుకు నిలబడినాయన్ని మనం గోడ మీద బొమ్మలో తప్ప చూడం. ఆయనకి ఓటు వేయకపోయినా ఆయనకి తెలియదు, తెలిసినా మన ఇంటి అడ్రసు ఆయన దగ్గర ఉండదు. వార్డుకు నిలబడినావిడ అలా కాదు. పక్కింటివారి తోడికోడలి చెల్లెలు అయివుంటుంది. మన పిల్ల పెళ్లికి పీటల దగ్గర నిలబడి తలంబ్రాలు అందించి ఉంటుంది. ఆవిడకు ఓటు వేయకుండా వచ్చి మర్నాడు కుళాయి దగ్గర ఆవిడ వెనకే బిందె పెట్టాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో మీరే ఆలోచించండి.

ఈ వార్డు ఎన్నికల కథలో ఆడవాళ్ల పేజీ ఎక్కడ మొదలైందో చూద్దామని ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కర్నూలు జిల్లాకు పడమటి కొస అది. ఆదోనిలో కొండ మీద కోట, కింద సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, బజారులో పత్తి బేళ్లు, మాటల్లో తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిపిన పులిహోర. పత్తి వ్యాపారం వల్ల రెండో బొంబాయి అని పేరు కూడా పడింది. ఊరికి ఇలవేల్పులాంటిది మహాయోగి లక్ష్మమ్మవ్వ. ఆ అవ్వ రథం కదిలిందంటే ఊరు ఊరంతా ఒక్క తాడు పట్టుకుంటుంది.

ఈ ఆదోనికి మునిసిపాలిటీ వచ్చింది 1865లో. మద్రాసు ప్రభుత్వం పట్టణాల బాగు కోసమని ఆ సంవత్సరమే ఒక చట్టం చేసింది. అప్పుడు ఎన్నికలేమీ లేవు. దొరలు తమకు నచ్చిన పెద్దమనుషుల్ని పిలిచి కూర్చోబెట్టేవారు. 1871 చట్టంలో పన్ను కట్టేవారు సభ్యుల్ని ఎన్నుకోవచ్చునన్న మాట చేరింది. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాని వెనుక 1884లో మద్రాసులో కొత్త మునిసిపల్ చట్టం వచ్చి ఎన్నికైన సభ్యుల వాటా పెరిగింది.

ఓటు ఎవరికి? పన్ను కట్టేవారికి. ఇక్కడే ఉంది మన తిరకాసు. ఇల్లు ఇల్లాలిది అని అందరూ అంటారు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని సామెత కూడా చెబుతారు. కానీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో ఇల్లాలి పేరు ఉండదు. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆవిడది, పన్ను కట్టేటప్పుడు ఆయనది. పన్నుతో పాటు ఓటు కూడా ఆయన జేబులోకే పోయింది.

ఇదేదో మన దేశపు గొడవే అనుకోకండి. మనల్ని ఏలిన దొరల ఊళ్లో కథ ఇంకా తమాషాగా ఉంది. ఇంగ్లండు, వేల్సులలో 1869లోనే పన్ను కట్టే ఆడవాళ్లకు మునిసిపల్ ఓటు ఇచ్చారు. ఆహా అనుకునేలోపల 1872లో కోర్టు ఒక తీర్పు చెప్పింది. పెళ్లయిన స్త్రీకి ఆ ఓటు చెల్లదట! అంటే కన్యకు ఓటు ఉంది, వితంతువుకు ఉంది, పుణ్యస్త్రీకి లేదు. మంగళసూత్రం వాళ్లకు లేకపోయినా దాని ముడి మాత్రం వాళ్లకూ పడిందన్నమాట. 1894లో ఆ ముడి కాస్త సడలింది. 1907లో ఆడవాళ్లు కౌన్సిలర్లుగా నిలబడవచ్చునని చట్టం చేశారు.

వేల్సులో బ్రెకన్ అని ఒక చిన్న పట్టణం ఉంది. అక్కడ గ్వెన్‌లియన్ మోర్గన్ అనే ఆవిడ ఉండేది. పేరు పలకడానికి నాలుక కాస్త మడత పడుతుంది గాని, మనిషి గట్టిది. ఊరి పాత రికార్డులు, శాసనాలు వెదికి చరిత్ర రాసే అలవాటు ఆమెకి. 1907లో చట్టం రావడం తడవు కౌన్సిల్‌లో అడుగుపెట్టింది. 1910లో ఊరికి మేయరైంది. వేల్సు మొత్తానికీ మొదటి మహిళా మేయరు ఆమే. మహానగరాలన్నీ చూస్తూండగా, అందరూ అందరికీ తెలిసిన ఒక చిన్న ఊరు ముందు తలుపు తీసింది. వార్డు చిన్నదైనందువల్ల కలిగే లాభం కూడా అదే. మనిషి పనితనం వాళ్లకు ఉపన్యాసాల్లో చూడవలసిన అవసరం ఉండదు, వీధిలోనే కనిపిస్తూ ఉంటుంది.

ఇక మన వైపు వద్దాం. ఆదోని అప్పుడు మద్రాసు రాజధానిలో, బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు కూడా ఆదోని తాలూకాలోదే. 1920 నాటి మద్రాసు మునిసిపాలిటీల చట్టం ఆడవాళ్లకు అడ్డంగా ఉన్న గడి తీసేసింది. 1921లో శాసనసభకు ఓటు హక్కు కూడా ఇచ్చారు. బ్రిటిషువారి ఏలుబడిలోని రాష్ట్రాల్లో ముందుగా ఇచ్చింది మద్రాసే. 1926లో నిలబడే హక్కు రాగానే మంగళూరులో కమలాదేవి చటోపాధ్యాయ నిలబడి కొద్ది ఓట్లతో ఓడింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలైంది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఓటుకు ఆస్తీ పన్నూ ఉండాలన్న మెలిక అలాగే ఉండిపోయింది. గడి తీశారు గాని తలుపు తెరవలేదు. మన పేరున ఇల్లుంటే కదా, పన్ను ఉంటే కదా!

ఆ తలుపు పూర్తిగా తెరిచింది మన రాజ్యాంగం. 21 ఏళ్లు నిండిన ప్రతి మనిషికీ ఓటు అంది. 1988 చివర్లో రాజ్యాంగాన్ని సవరించి దాన్ని 18కి దించారు. అయితే మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాసే రోజుల్లో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యని, ఫలానావాడి తల్లిని అన్నారు. పేరు చెప్పమంటే సిగ్గు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లను అందువల్ల జాబితాలోంచి తీసేయవలసి వచ్చింది. ఓటు చేతికి వచ్చింది, పేరు నోటికి రాలేదు.

నవ్వకండి. మా అవ్వ తన పేరు చెప్పేది గాని, తాత పేరు చచ్చినా చెప్పేది కాదు. ఓసారి ఓటుకు పోతే గుమాస్తా అడిగాడట, భర్త పేరేమిటమ్మా అని.

"రాములవారి తమ్ముని పేరు" అంది అవ్వ.

"భరతుడా, లక్ష్మణుడా?"

"అడివికి పోయినాయనది!"

వెనక లైనులో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వితే అవ్వ మాత్రం నవ్వలేదట. ఇంటికొచ్చాక ఎవరికేశావవ్వా అని మేం వెంటపడితే ఒకే మాట అనేది. "నీల్లిచ్చేటోనికి" అని. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పేది కాదు.

అవ్వ చెప్పిన ఆ మాటే ఆ సీమ రాజకీయం అంతా. వాన తక్కువ నేల. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారిని వదిలి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. ఇంట్లోంచి కాలు కదపకుండానే జనం రాష్ట్రం మారారు. రాష్ట్రం మారినా నీళ్లు మాత్రం హొస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాము నుంచే రావాలి. దిగువ కాలువలో నీళ్లు వస్తే బసాపురం చెరువు నింపుకోవాలి, కాలువ కట్టేస్తే ఆ చెరువు చూసి రోజులు లెక్కపెట్టుకోవాలి. చెరువులో నీళ్లెన్ని అడుగులున్నాయో ఇంజనీర్లకు తెలుస్తుంది. ఇంట్లో బిందెలెన్ని మిగిలాయో ఎవరికి తెలుస్తుంది?

మునిసిపాలిటీ చేసే పనులు ఒకసారి వరసగా చెప్పి చూడండి. నీళ్లు పట్టడం, ఊడవడం, మురుగు తీయడం, చీకటిపడితే దీపం పెట్టడం, పుట్టినవారినీ పోయినవారినీ గుర్తుంచుకోవడం. ఇది మనం రోజూ చేసే పని కాదూ? ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట గెలిచినవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. మరి రచ్చకు మాత్రం వేరేవాళ్లను ఎందుకు పంపారు?

ఎమ్మిగనూరులో ఇదే సంగతి మగ్గం దగ్గర కనిపిస్తుంది. చేనేతకు పేరుపడ్డ ఊరు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారి చేతుల మీద అక్కడ చేనేత సహకార సంఘం మొదలై దేశమంతా పేరు తెచ్చుకుంది. మగ్గం గుంటలో కూర్చున్నవాణ్ణి నేతగాడంటారు. వెనక కూర్చుని కండెలు చుట్టే చెయ్యి లేకపోతే ఆ మగ్గం ఒక్క జానెడైనా నడవదు. కానీ ఎవరు నేశారంటే ఆ చేతి పేరు చెప్పరు. ఊరి నేతలోనూ అంతే. కండెలు మనవి, చీర వాళ్లది.

ఈ లెక్క మార్చడానికి 1992లో పార్లమెంటు రాజ్యాంగానికి 74వ సవరణ చేసింది. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణ కౌన్సిళ్లలో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకని రాసిపెట్టారు. 2000లో విజయవాడ జనం నేరుగా ఓటేసి 26 ఏళ్ల పంచుమర్తి అనురాధను మేయరుని చేశారు. ఆ తర్వాత మన రాష్ట్రం మూడో వంతును సగం చేసింది. 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2010లో తీరినా, మళ్లీ ఎన్నికలు 2014 మార్చి 30 దాకా జరగలేదు. అందాకా ప్రత్యేకాధికారులే ఏలారు. 2020లో నామినేషన్లు వేశాక కరోనా వచ్చి మార్చి 15న ఎన్నికలు ఆగిపోయాయి. ఏడాది గడిచి 2021 మార్చి 10న పోలింగు జరిగింది. ఆదోనిలో 42 వార్డులు, ఎమ్మిగనూరులో 34. సగం అంటే 21, 17. అక్కడ ఒకప్పుడు పన్ను రసీదు మీద పేరు లేని ఇల్లాలు, ఇప్పుడు సగం కుర్చీలకు హక్కుదారు.

ఇంతవరకూ వచ్చి శుభం అనేస్తే బాగుండును. కానీ మీకూ నాకూ తెలిసిన సంగతి ఒకటుంది. నిలబడేది ఆవిడ, గోడ మీద పెద్ద బొమ్మ ఆయనది. గెలిచేది ఆవిడ, పూలదండ ఆయన మెడలో. "కౌన్సిలరు గారున్నారా?" అని తలుపు తడితే, "ఉన్నాను, చెప్పండి" అంటూ ఆయన బయటికి వస్తారు. అసలు కౌన్సిలరు లోపల వచ్చినవారికి కాఫీ కలుపుతూ ఉంటారు. అన్ని ఇళ్లూ ఇలాగే ఉన్నాయని నేననను. మొదటి ఏడాది కాఫీ కలిపి, మూడో ఏడాదికి ఫైలు తానే చదివి, "ఈ పైపు లైను మా వీధిలోకి ఎందుకు రాలేదు?" అని నిలదీసినవాళ్లూ ఉంటారు. ఏ పనైనా చేతిలో పెడితేనే గదా వచ్చేది. మనం మాత్రం తల్లి కడుపులోంచే వంట నేర్చుకొచ్చామా?

అసలు బెంగ అక్కడే ఉంది. ఈసారి ఆడవాళ్లకని ఉంచిన వార్డు పైసారి ఉండకపోవచ్చు. అయిదేళ్లు తంటాలు పడి పని నేర్చుకున్నావిడను, ఇక నీ వంతు అయిపోయిందమ్మా అని ఇంటికి పంపేస్తారు. ఆవిడ కూడా, సరేలే నాకెందుకు అని కొంగు దులుపుకుని వచ్చేస్తుంది. రిజర్వేషను లేని వార్డులో, నేను చేసిన పని ఇదీ, చూసి ఓటెయ్యండి అని ఆవిడ మళ్లీ నిలబడిన రోజున కదా రచ్చ గెలిచినట్టు! ఆదోనిలో 2021లో ఛైర్‌పర్సన్ కుర్చీ మహిళకే వచ్చింది. 2025లో సభ్యులు అవిశ్వాసం పెట్టి ఆమెను దింపారు. తర్వాత కూర్చున్నదీ మహిళే. ఎక్కించినా దింపినా ఊరు ఊరంతా ఆడవాళ్ల పేర్లే మాట్లాడుకోవలసి వచ్చింది. పేరు చెప్పడానికి సిగ్గుపడి ఓటు పోగొట్టుకున్న రోజుల నుంచి ఇది చాలా దూరమే.

కాబట్టి ఈసారి మీ వార్డుకు ఒక అమ్మాయి నిలబడి భర్తతో కలిసి మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఆయన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కావాలంటే కాఫీ ఇవ్వండి, తప్పులేదు. అమ్మాయిని మాత్రం లోపలికి తీసుకెళ్లి మా అవ్వ మాట అడగండి. నీళ్లు ఏ రోజున ఇస్తావమ్మా అని. "ఆయన్నడిగి చెబుతానండీ" అంటే కోపగించుకోవద్దు. ఆ చెరువేదో, పైపు ఎక్కడ ఆగిందో తానే కనుక్కుని ఇంకోసారి ఒక్కతే రమ్మని చెప్పండి. వస్తే మాత్రం, తప్పకుండా ఓటు వేయండి.