సెరంగూన్ దారిలో మరో రచ్చబండ

సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి సింగపూర్ తెలుగువాళ్ళు కలుసుకునే చోటు. 1994లో సింగ్‌నెట్ ఇళ్ళకు ఇంటర్నెట్ తెచ్చాక ఇంకో రచ్చబండ అందుబాటులోకి వచ్చింది: యూజ్‌నెట్ చర్చా గుంపుల్లో ఒకటైన సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు. ఇంగ్లిష్ అక్షరాల్లోనైనా అచ్చ తెలుగు కబుర్లు!

ఆ రచ్చబండను మోసినవి యూనిక్స్ యంత్రాలు. 1992లో రిచ్ సాల్జ్ విడుదల చేసిన ఐఎన్‌ఎన్ న్యూస్ సర్వరు అప్పట్లో ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైలుగా దాచేది. తంటా అక్కడే. డిస్కులో జాగా ఉందని ‘డీఎఫ్’ ఆదేశం చెబుతుంది. కొత్త ఉత్తరం మాత్రం లోపలికి రాదు. ‘డీఎఫ్ -ఐ’ కొడితే గుట్టు తెలుస్తుంది: చిన్న ఫైళ్ళు లక్షల్లో పేరుకుని, ఫైలుకొకటి చొప్పున కావలసిన ఐనోడ్లు అయిపోయాయి. పాతవి తుడిచి, ‘సీటీఎల్ఐఎన్ఎన్‌డీ గో’ ఆదేశం ఇస్తే సర్వరు మళ్ళీ కదిలేది.

ఇంకో తంటా: గుంపు పేరు సర్వరులోని ‘యాక్టివ్’ ఫైల్లో లేకపోతే చదివేవారికి ఆ గుంపే కనిపించదు. అక్కడ ఒక్క వరుస చేరాలి.