త్రీ నాట్ త్రీ కడుపున పుట్టిన పాయింట్ టూ టూ

పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో తుపాకి అంటే కళ్లముందు మెదిలేవి నాలుగే రకాలు. తిరునాళ్లలో బెలూన్లు పగలగొట్టే గాలి తుపాకి, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన వేలాడే రెండు గొట్టాల తుపాకి, ఒకనాటి పోలీసుల చేతిలోని త్రీ నాట్ త్రీ, కాలేజీలో ఎన్.సి.సి.లో చేరిన వాళ్లకు మాత్రమే పరిచయమైన పాయింట్ టూ టూ. ఈ నాలుగోదాని పాత రకం అచ్చంగా మూడోదానిలాగే ఉంటుంది. అదే కర్ర, అదే బోల్టు, బరువు కూడా ఇంచుమించు అంతే, నాలుగు కిలోలకు అటూ ఇటూ. పేలిస్తే మాత్రం కొరడా ఝళిపించినంత చప్పుడు. అందుకే దాన్ని చూసినవాళ్లలో చాలామంది ఉత్త నకలు అని కొట్టిపారేస్తారు. నకలే, కాదనను. అయితే అది ఎవరో సరదాకు చేసిన నకలు కాదు. సైన్యం తన అవసరం కోసం తన తుపాకికి తానే చేయించుకున్న నకలు. ఈ తేడా తెలియనివాడు ఇవాళ చారిత్రక సైనిక తుపాకి రూపంలో .22 కొనాలనుకుంటే దేన్ని వెతకాలో తెలియక తికమకపడతాడు.

ఈ .22 తూటాకున్న రిమ్‌ఫైర్ అన్న పేరుతోనే మొదలుపెట్టాలి, ఈ కథంతా ఆ మాటలోనే ఉంది. పెద్ద తుపాకుల తూటాకు అడుగున నడిమధ్య చిన్న మందు బిళ్ల ఉంటుంది, సూది దాని మీద కొడుతుంది. రిమ్‌ఫైర్ తూటాకు ఆ బిళ్ల ఉండదు. అడుగున చుట్టూ ఉన్న అంచు లోపల బోలుగా ఉండి, అందులో మందు నింపి ఉంటుంది. సూది ఆ అంచును నొక్కితే మందు అంటుకుంటుంది. నొక్కితే నలగాలంటే రేకు పలచగా ఉండాలి. రేకు పలచనైతే లోపలి ఒత్తిడి ఎక్కువ కాకూడదు. అందువల్ల ఈ పద్ధతిలో చివరికి నిలిచింది చిన్న తూటాయే, చవకైన తూటాయే. పారిస్‌లో ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు 1845 ప్రాంతంలో ఇంటి హాల్లో గురి చూసి ఆడుకునే తుపాకుల కోసం దీనికి నాంది పలికాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ .22 షార్ట్ తెచ్చింది. ఇప్పుడు లోకమంతా వాడే .22 లాంగ్ రైఫిల్ 1887లో స్టీవెన్స్ కంపెనీ చేతిలో రూపు దిద్దుకుంది. దాని సీసపు గుండు రెండున్నర గ్రాములు. .303 గుండు పదకొండు గ్రాములు దాటుతుంది, వేగం రెండింతల పైమాటే. రెండింటి శక్తినీ లెక్కగడితే ఒకటికి ఇరవై రెట్ల తేడా వస్తుంది. ఇంత చిన్న తూటాను అంత పెద్ద తుపాకిలో ఎందుకు పెట్టారన్నదే అసలు ప్రశ్న.

జవాబు దక్షిణాఫ్రికాలో దొరుకుతుంది. 1899 నుంచి 1902 వరకు సాగిన బోయర్ యుద్ధంలో, పొలాల్లో వేటాడి గురి నేర్చుకున్న రైతులు దూరం నుంచే బ్రిటిష్ సైనికులను పడగొట్టారు. తుపాకి మంచిదైతే చాలదని, దాన్ని పట్టిన చేతికి రోజూ సాధన ఉండాలని సామ్రాజ్యానికి అప్పుడు తెలిసొచ్చింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనాని అయిన లార్డ్ రాబర్ట్స్ పూనికతో ఇంగ్లండు ఊరూరా చిన్న తూటా రైఫిల్ క్లబ్బులు వెలిశాయి. రోజువారీ సాధనకు .303 తూటాలు ఖరీదు, వాటికి వందల గజాల మైదానం కావాలి. అందువల్ల పాత రైఫిళ్లనే తీసుకుని లోపలి పని మార్చారు. 1907లో లీ మెట్‌ఫర్డ్‌లతో మొదలైన ఈ మార్పు, 1920లలో ‘నంబర్ 2 మార్క్ 4’ అన్న పేరుతో స్థిరపడింది. అది మన త్రీ నాట్ త్రీయే, అంటే షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్. కొన్నిటికి కొత్త గొట్టం వేశారు, కొన్నిటికి అరిగిన .303 గొట్టాన్నే తొలిచి లోపల సన్నని .22 గొట్టం దూర్చారు. బోల్టు తల, కొట్టే సూది మార్చారు. తూటా ఒక్కొక్కటే చేత్తో పెట్టాలి. మ్యాగజీన్ లోపలి స్ప్రింగు తీసేసి, పెట్టెను మాత్రం కింద అలాగే ఉంచారు. బోల్టు లాగినప్పుడు ఖాళీ తొడుగు అందులో పడుతుంది. సైనికుడి చేతికి అదే బరువు, అదే బోల్టు, అదే ట్రిగ్గర్ లాగుడు, కంటికి అదే గురి. మారింది లోపలి తూటా ఒక్కటే. జర్మనీ, అమెరికా కూడా ఇదే దారి పట్టాయి. అమెరికా తన స్ప్రింగ్‌ఫీల్డ్‌కు 1922లో .22 తోబుట్టువును చేసుకుంది.

అదే లీ ఎన్‌ఫీల్డ్ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ఇంకో బిడ్డను కూడా కన్నది. దాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఈ .22 విలువ తెలుస్తుంది. పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇవ్వడానికి .303ను .410 మస్కెట్‌గా మార్చారు. గొట్టం లోపలి చాళ్లు తీసేసి నునుపు చేశారు, మ్యాగజీన్‌లో చెక్క దిమ్మ బిగించి ఒక్కో తూటాయే పేలేలా చేశారు. కారణం అపనమ్మకం. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయుడి చేతికి మేలైన ఆయుధం అందకుండా చూడటం పాలకుల నియమం. 1878 ఆయుధాల చట్టం తెల్లవాళ్లను మినహాయించి మనవాళ్లకే లైసెన్సు ముడి వేసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు, తూటాలే ఎత్తుకెళ్లాడంటే ఆ ముడి ఎంత బిగుసుకుని ఉండేదో ఊహించుకోవచ్చు. ఒకే తుపాకికి ఒక నకలు చేతిని కుంటిది చేయడానికి పుట్టింది, ఇంకో నకలు చేతికి పని నేర్పడానికి పుట్టింది. రూపం చూసి నకళ్లన్నీ ఒకటే అనుకోవడం అందుకే తప్పు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కృష్ణా జిల్లాలో త్రీ నాట్ త్రీ రూపానికి ఉన్న జ్ఞాపకం మంచిది కాదు. కమ్యూనిస్టుల వేటలో మలబార్ స్పెషల్ పోలీసులు 1949లో పామర్రుకు దగ్గరున్న యలమర్రులో, కాటూరులో గ్రామస్థులను బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన సంగతి ఈ ప్రాంతం మరిచిపోలేదు. అలాంటి తుపాకి పోలికను ఇష్టపడి కొనుక్కోవడం ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ బాధను గౌరవించాల్సిందే. నా సమాధానం ఒక్కటే. ఆ తుపాకి చరిత్రలో జులుం ఉంది, స్వాతంత్ర్యం తర్వాత సరిహద్దు కాసిన సైనికుడూ ఉన్నాడు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినం దాకా దాన్ని మోసి వీడ్కోలు పలికారు. అయితే .22 నకలు మాత్రం జనం మీద గురిపెట్టడానికి తయారైనది కాదు. దాని ముందు నిలబడింది ఎప్పుడూ కాగితం మీద గీసిన నల్లటి చుక్కే.

ఆ చుక్క ముందు మన విద్యార్థులను పడుకోబెట్టింది ఎన్.సి.సి. 1948 జులై 15న అది మొదలైంది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్లందరికీ తప్పనిసరి చేశారు, 1968 దాకా అలాగే సాగింది. బందరు హిందూ కాలేజీ, నోబుల్ కాలేజీ, గుడివాడ ఎ.ఎన్.ఆర్. కాలేజీ, బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీ లాంటి చోట్ల చదివిన ఆ తరం ఖాకీ తొడుక్కుని, హిందీలో ఆజ్ఞలు వింటూ కవాతు చేసింది. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం ఆ రోజుల్లో డెల్టా రైతుబిడ్డలకు అందినంతగా ఏ క్లబ్బూ అందించలేదు. ఒక తరానికి క్రమశిక్షణతో కూడిన గురి నేర్పిన ఘనత .303ది కాదు, దాని నకలుదే.

ఇక కొనడం సంగతి. ఇవాళ విదేశాల్లో జర్మన్ స్పోర్ట్ గన్స్ లాంటి కంపెనీలు రెండో ప్రపంచ యుద్ధపు ఎస్.టి.జి. 44 రూపంలో, ఇటలీ కియాప్పా అమెరికన్ ఎం1 కార్బైన్ రూపంలో .22లు అమ్ముతున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ లోపలి పని అసలుదానితో పొత్తు లేనిది. అవి పైరూపానికి నకళ్లు, మార్క్ 4 చేతి అలవాటుకు నకలు. నా దృష్టిలో రెండోదే చరిత్ర. ఎలాగూ మనకు మొదటిది దొరకదు. విదేశీ తుపాకి దిగుమతి పేరుమోసిన క్రీడాకారులకు, షూటింగ్ సంస్థలకే పరిమితం. .303 నిషిద్ధ బోరు, పౌరుడికి రాదు. సైనిక తూటా పౌరులకు దక్కకూడదన్న పాత నియమం వల్లే ఇషాపూర్‌వాళ్లు అదే లీ ఎన్‌ఫీల్డ్ బోల్టుతో .315 స్పోర్టింగ్ రైఫిల్ చేశారు. దానికి లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి విచక్షణ. .22 విషయంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్ వేరే మాట చెబుతుంది. కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధన కోసం .22 రైఫిల్ గాని ఎయిర్ రైఫిల్ గాని అడిగితే, చట్టంలో చెప్పిన కారణాలుంటే తప్ప లైసెన్సు ఇవ్వాలంటుంది. అంటే పామర్రు మనిషి మొదట వెతకాల్సింది దుకాణాన్ని కాదు, క్లబ్బును. ఆ తర్వాతే బందరులో కలెక్టరు గారికి అర్జీ. లైసెన్సు వచ్చాక ఇషాపూర్ బోల్టు యాక్షన్ .22 స్పోర్టింగ్ రైఫిల్ కొనుక్కోవచ్చు. దానికి మార్క్ 4 ఒడ్డూ పొడుగూ ఉండవు, కానీ ఒక్కో గుండుకూ బోల్టు తిప్పి, ఆగి, ఆలోచించి పేల్చే ఆ పాత నడక మాత్రం ఉంటుంది. నకలు అనే పేరుతో లైసెన్సు తప్పించుకోవచ్చన్న భ్రమ ఎవరికైనా ఉంటే వదులుకోవాలి, చట్టం దృష్టిలో .22 పూర్తి తుపాకి.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఉండగా ఈ తంటా ఎందుకని అడిగేవారున్నారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు గెలిచింది దానితోనే, నిజం. గురి మొదలుపెట్టడానికి దానికి మించింది లేదు. అయితే 2024 పారిస్‌లో కొల్హాపూర్ కుర్రాడు స్వప్నిల్ కుసాలే కంచు తెచ్చిన యాభై మీటర్ల పోటీ .22 లాంగ్ రైఫిల్‌దే. నిప్పు పుట్టి, వెనక్కి తన్ని, గాలికి పక్కకు జరిగే గుండు నేర్పే పాఠం వేరు. ఆ పాఠం మన నేల మీద మరీ జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది. బెజవాడ కొండలు దాటాక సముద్రం దాకా చదునే. చిన్నదే కదా అనుకునే ఈ గుండు గాలిలో కిలోమీటరున్నర దూరం పోగలదు. వరిమడిలో నిలిచిన నీళ్ల మీద, కాలువ మీద వాలుగా పడితే మునగదు, ఎగిరి పక్కకు పోతుంది. కాబట్టి పొలం గట్టున డబ్బా నిలబెట్టి కాల్చే సినిమా దృశ్యం ఇక్కడ చేటు తెస్తుంది. వెనక ఎత్తైన మట్టికట్ట ఉన్న రేంజి, అనుమతి, పక్కన నేర్పేవాడు, ఈ మూడూ లేనిచోట తుపాకి పెట్టెలోనే ఉండాలి.

ఎన్.సి.సి. రేంజిలో ఇది మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఇరవై ఐదు గజాల దూరంలో కాగితం, దాని వెనక మట్టికట్ట, ఒక్కొక్కరికీ లెక్కపెట్టి ఇచ్చిన తూటాలు. అందరి వంతూ అయ్యాక మార్క్ 4 మ్యాగజీన్ పెట్టెలు విప్పి, అందులో పడిన ఖాళీ తొడుగులను బోర్లించి లెక్క చూసేవారు. ఇచ్చినవన్నీ తిరిగి వచ్చాయని తేలాకే రైఫిళ్లు ఆయుధాగారంలోకి వెళ్లేవి.