కమ్యూనిటీ హాల్‌లో దవాఖానా: మన లష్కర్ కథ

మా అమ్మమ్మకి బీపీ ఉంది. కొన్నేళ్ల క్రితం దాకా నెలనెలా పెద్దాసుపత్రికి పోయేది. పొద్దున ఓపీ చీటీ, మధ్యాహ్నం డాక్టర్, సాయంత్రానికి ఇల్లు. తోడు పోయినవాళ్లకి ఆ రోజు కూలీ పోయినట్టే. అందుకే ఒక నెల పోయి రెండు నెలలు మానేసేది. ఇప్పుడు గల్లీ చివర కమ్యూనిటీ హాల్‌లోనే బస్తీ దవాఖానా. చెప్పులేసుకుని నడిచి వెళ్లి గోలీలు తెచ్చుకుంటుంది.

మరి ఇంతకుముందు రోగమొస్తే ఈ ఊరి జనం ఏం చేసేవాళ్లు? ఈ ఎపిసోడ్ దాని గురించే.

1813కి వెళ్దాం. సికింద్రాబాద్ అప్పటికి కొత్త ఊరు, బ్రిటిష్ కంటోన్మెంట్. పెద్ద అంటురోగం వచ్చింది. కొందరు ప్లేగంటారు, కొందరు కలరా అంటారు. అప్పుడు ఉజ్జయినిలో డ్యూటీలో ఉన్న సురిటి అప్పయ్య, మా ఊరోళ్లు బతికి బట్టకడితే నీకు గుడి కట్టిస్తానని మహంకాళికి మొక్కుకున్నాడని చెప్తారు. 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహం పెట్టాడు. లష్కర్ బోనాల కథ ఇదే, మీలో చాలామందికి తెలుసు. నన్ను ఆపింది వేరే ముక్క. అప్పయ్య మిలిటరీలో డోలీ మోసేవాడు. డోలీ అంటే పెళ్లి పల్లకీ అనుకోకండి. ఆ రోజుల్లో సైన్యంలో గాయపడ్డవాళ్లనీ, జబ్బుపడ్డవాళ్లనీ మోసుకెళ్లేది అందులోనే. ఇవాళ్టి లెక్కలో 108 అన్నమాట. రోగుల్ని భుజాన మోసినోడు ఊరి కోసం మొక్కాడు. మనం ఆ ముక్కని ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేస్తాం.

తర్వాతిది బేగంపేట. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలతో కుట్టించుకున్న పేషెంట్ హుస్సేన్ ఖాన్. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. నోబెల్ ఒకరికి, అణాలు ఒకరికి! సరే, మైక్రోస్కోప్‌లో తేలిన విషయం బస్తీకి చేరాలంటే? ఎవరో ఒకరు ఇంటింటికీ పోయి "తొట్టి మీద మూత పెట్టమ్మా" అని చెప్పాలి. ఆ పని సైంటిస్ట్‌ది కాదు.

అలాంటి పని 1967లో మన జంటనగరాల్లో మొదలైంది. మున్సిపల్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్ట్ పెట్టింది. బస్తీవాళ్లని కూర్చోబెట్టి మీకేం కావాలని అడగడం దాని పద్ధతి. బాల్వాడీలు, కుట్టు మిషన్ల క్లాసులు, ఆరోగ్య కార్యక్రమాలు వచ్చాయి. యూనిసెఫ్ సాయం చేసింది. 1980ల్లో బ్రిటన్ డబ్బుతో మురికివాడల్లో రోడ్లు, డ్రైన్లు, కమ్యూనిటీ హాళ్లు కట్టారు.

2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు స్టార్టయ్యాయి. ఢిల్లీ మొహల్లా క్లినిక్‌ల లాంటివే. ఐదు నుంచి పది వేల జనాభాకి ఒకటి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకురాలు. రక్తం అక్కడ తీసుకుంటారు, టెస్ట్ మాత్రం పెద్ద ల్యాబ్‌లో. చోటెక్కడ? బస్తీలో ఖాళీ జాగా దొరకదు కదా, చాలాచోట్ల ఉన్న హాళ్లలోనే పెట్టేశారు. ఇంజినీర్‌గా చెప్తున్నా, మంచి రీయూజ్.

కానీ ఒక బగ్ ఉంది. మా హాల్‌లో ఇంతకుముందు కుట్టు క్లాస్ నడిచేది. ఎవరింట్లో జ్వరం, ఎవరు గోలీలు మానేశారు, ఏ డ్రైన్ పొంగింది, అన్నీ ముందు తెలిసేది ఆ మిషన్ల దగ్గరే. దవాఖానా వచ్చాక క్లాస్ పోయింది. రెండు మిషన్లు పక్కింటి వరండాలో ఉన్నాయి, వానొస్తే పరదా కప్పుతారు. దవాఖానాకి సాయంత్రం నాలుగింటికి తాళం పడుతుంది. క్లాస్ పెట్టుకునేది ఐదింటికి. ముందు గది ఆ టైమ్‌కి ఖాళీయే. మందుల గదికి వేరే తాళం వేసి, ముందు గది చెవి ఆడవాళ్ల చేతికి ఇస్తారా అని ఈ ఆదివారం బస్తీ మీటింగ్‌లో అడగబోతోంది మా అమ్మమ్మే.