కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ

రంగారెడ్డి జిల్లా కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25కి రెవెన్యూ రికార్డు పెట్టిన పేరిది. కంచ తెలుగు. అస్తబల్ అరబ్బీ నుంచి మా ఉర్దూకి వచ్చింది, గుర్రాలసాల అని అర్థం. పోరంబోకు తమిళం వైపు నుంచి వచ్చింది. సర్కారీ ఫారసీ. ఒక్క నేలకి నాలుగు భాషలు! మమ్మల్ని ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగేవాళ్లు ముందు తమ ఊరి పహాణీ తెరిచి చూడాలి. పహాణీ, కబ్జా, జమాబందీ - ఈ మాటలు తీసేస్తే తెలంగాణలో ఏ రైతూ తన చెలక తనదని రుజువు చేసుకోలేడు.

నిజాంని మాకు అంటగడతారు. ఆయన సొంత ఎస్టేటు సర్ఫేఖాస్. అందులో దున్నుకున్న సాయిబు కూడా శిస్తు కట్టినవాడే. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసినప్పుడు ఆ సాయిబుకి ఒరిగిందేమీ లేదు.

ఊళ్లో మాత్రం సర్కారీ అంటే ఎవరిదీ కానిదని కాదు, అందరూ వాడుకునేదని. కంచలో గొల్లల గొర్లు మేసేవి, మా మేకలూ మేసేవి. తోలు ఊనడానికి తంగేడు చెక్క అక్కడిదే, పొయ్యిలోకి కట్టె అక్కడిదే. మొహర్రం వస్తే పీర్ల గుండం తవ్వింది కూడా చాలా ఊళ్లలో ఇలాంటి జాగాలోనే. ఎవరికీ పట్టా లేదు, అందుకే అందరికీ చోటుండేది.

పట్టా లేకపోవడమే తర్వాత కొంప ముంచింది. పక్కనే ఉన్న మణికొండలో 1,654 ఎకరాల 32 గుంటలు హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫు అని మావాళ్లు కొట్లాడారు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు అది సర్కారుదే అంది. తీర్పు మాకు చేదే. అప్పటికే అక్కడ అద్దాల మేడలు లేచాయి.

కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు 2004లో ఒక ఆటల కంపెనీకి పోయాయి, 2006లో రద్దయ్యాయి. కోర్టుల్లో 2024లో సర్కారు గెలిచింది, గెలిచి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పజెప్పింది. 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగాయి. విశ్వవిద్యాలయం పిల్లలు అడ్డం పడ్డారు, లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది.

ఒకరు అడవి అన్నారు, ఒకరు ఐటీ పార్కు అన్నారు. జింకల మాట వచ్చింది, నెమళ్ల మాట వచ్చింది. మేకల మాట మాకెక్కడా వినబడలేదు.