ఎక్కడమే కాదు, దిగడమూ నేర్చుకుందాం

ఊరు చూడటంలో రెండు పద్ధతులున్నాయి. కిటికీ పక్క సీటు దొరికితే చాలనుకుని, బయట కనిపించినంత చూసి, "విశాఖపట్నం చూసొచ్చాం" అని చెప్పుకోవడం ఒక పద్ధతి. నచ్చినచోట దిగి, కాస్త నడిచి, అక్కడివాళ్ళతో నాలుగు మాటలాడి, మళ్ళీ బండెక్కడం రెండో పద్ధతి. మొదటిదానిలో కళ్ళకు మాత్రమే పని. రెండోదానిలో కాళ్ళకూ, నోటికీ, బుర్రకూ కూడా పని.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆడవాళ్ళకు మొదటి పద్ధతే అలవాటు. రథసప్తమికి అరసవల్లి, చందనోత్సవానికి సింహాచలం, సిరిమానుకు విజయనగరం. ఇంట్లో మగవాళ్ళు ఎక్కమన్నచోట ఎక్కాం, దిగమన్నచోట దిగాం. దర్శనం చేసుకున్నాం, ప్రసాదం పుచ్చుకున్నాం, చీకటి పడకుండా ఇంటికి చేరుకున్నాం. దారిలో ఏదో కొండ కనిపిస్తే, "కాస్త ఆగుదాం, అదేమిటో చూసొద్దాం" అన్న ఆడమనిషి మనలో ఎంతమంది వున్నారు చెప్పండి?

ఇప్పుడు ఆ మాట అనడానికి వీలుగా విశాఖపట్నంలో ఒక బస్సు వచ్చింది. 2025 ఆగస్టు 29న రామకృష్ణా బీచి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు దాన్ని ప్రారంభించారు. కరెంటుతో నడిచే రెండంతస్తుల బస్సు. రామకృష్ణా బీచి నుంచి తొట్లకొండ దాకా సముద్రం వారనే 16 కిలోమీటర్లు వెళుతుంది. టిక్కెట్టు 500 రూపాయలనీ, సగం ప్రభుత్వమే భరించి 250కి ఇస్తుందనీ ఆనాడు ప్రకటించారు. ఆ టిక్కెట్టు 24 గంటలు చెల్లుతుంది. బస్సు ఆగేచోట దిగండి, తనివితీరా చూడండి, తర్వాత వచ్చే బస్సెక్కి ముందుకు సాగండి. మళ్ళీ డబ్బు కట్టనక్కర్లేదు. ఇంగ్లీషులో దీన్ని హాప్ ఆన్ హాప్ ఆఫ్ అంటారు. లండను వంటి నగరాలకు ఇది పాత సంగతే. ఢిల్లీలో 2010లో కామన్వెల్తు క్రీడల యేడు పెట్టారు. మనం మన మాటలో ఎక్కు దిగు బస్సు అనుకుందాం.

దీనికి సరిగ్గా రెండు వారాల ముందు, 2025 ఆగస్టు 15న, స్త్రీశక్తి పేరుతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేని ప్రయాణం మొదలయింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. సముద్రం ఒడ్డున కొన్న టిక్కెట్టుతో 16 కిలోమీటర్లు ఎక్కి దిగవచ్చు. మిగిలిన తీరమంతా, అంటే భీమిలి నుంచి కళింగపట్నం దాకా, టిక్కెట్టు లేకుండానే ఎక్కి దిగవచ్చు. అలా దిగితే ఏం కనిపిస్తుందో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మొదట రామకృష్ణా బీచి. ఇక్కడ ఇసక మీద ఒడ్డుకు లాగిపెట్టిన జలాంతర్గామి వుంది. పేరు కురుసుర. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001లో విరమించుకుంది. 2002 నుంచి అందరూ చూసే ప్రదర్శనశాల అయింది. బయట నిలబడి ఫోటో తీయించుకుని వచ్చేయకండి. లోపలికి వెళ్ళి, అందులో వంట చేసుకునే చోటు ఎంతుందో చూడండి. మన ఇంట్లో గూడంత జాగాలో అంతమందికి వండి పెట్టేవారు. నౌకాదళం గొప్పతనం ఉపన్యాసాల కంటే ఆ వంటింటిని చూస్తేనే బాగా తెలుస్తుంది. పక్కనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం వుంది. ఆ యేడు డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ ఊరి ముందు సముద్రంలోనే మునిగిపోయింది.

అసలు యుద్ధాలు ఈ ఊరి గుమ్మం దాకా ఎందుకొచ్చాయంటే, 1933లో ఇక్కడ పెద్ద ఓడరేవు తెరిచారు గనక. రేవుంటే ఓడలొస్తాయి, ఓడలొస్తే శత్రువు కన్నూ పడుతుంది. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పిల్లలనెత్తుకుని, చేతికందిన సామానుతో ఊరు విడిచిపోయిన కుటుంబాలెన్నో. ఆ యేడే రంగం కూడా జపాను చేతిలో పడింది. రంగం అంటే రంగూను. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమర్లెక్కి మన జిల్లాలవాళ్ళు వేలమంది కూలికోసం రంగం వెళ్ళేవారు. ఇంట్లో అమ్మమ్మలు "మా తాత రంగం పోయాడు" అంటే అర్థం అదే. యుద్ధం వచ్చాక ఎందరో అడవుల గుండా కాలినడకన తిరిగొచ్చారు. 1960లలో మరికొందరు వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఒక పేట ఇప్పటికీ వుంది. ఎక్కు దిగు బస్సు ఆ వైపు వెళ్ళదు. అయినా రామకృష్ణా బీచిలో నిలబడి తూర్పుకు చూస్తే గుర్తు చేసుకోవలసినవాళ్ళు వాళ్ళే.

ముందుకు సాగితే తెన్నేటి పార్కు. పార్కుకి పేరు పెట్టిన తెన్నేటి విశ్వనాథం గారు విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో జరిగిన ఆందోళనలో ముందు నిలిచిన నాయకుడు. ఆ ఉద్యమంలో టి. అమృతరావు గారు నిరాహారదీక్ష చేశారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పిల్లలు ఉయ్యాలలూగే ఈ చోట వాళ్ళకు ఆ కథ చెప్పండి. ఇదే పార్కు కిందికి 2020 అక్టోబరులో, తుపాను గాలికి లంగరు తెగి, బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి రాళ్ళలో చిక్కుకుంది. ఇంత ఇనుమునూ సముద్రం గడ్డిపరకలా తోసేసిందంటే, చిన్న తెప్పల మీద వేటకు వెళ్ళే జాలరుల బతుకెలాంటిదో ఊహించుకోవచ్చు.

కైలాసగిరి, రుషికొండ దాటాక చివర తొట్లకొండ. ఇక్కడ మాత్రం తొందరపడకండి. 1976లో నౌకాదళం స్థలం వెతుకుతూ సర్వే చేయిస్తే ఈ కొండ మీద పాత కట్టడాలున్నట్టు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వితే రెండువేల యేళ్ళనాటి బౌద్ధారామం తేలింది. స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల. శాతవాహనుల సీసపు నాణాలతోబాటు రోమను వెండి నాణాలు కూడా దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి మంగమారిపేట! ఓడ దిగిన వర్తకులు కొండెక్కి నమస్కరించి, కానుక ఇచ్చి, మళ్ళీ ఓడెక్కారన్న మాట. ఎక్కు దిగు ప్రయాణం ఈ తీరానికి కొత్తేమీ కాదు.

కొండకు ఆ పేరెలా వచ్చిందో తెలుసా? రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల. కొండ మీద బావి పడదు. వానాకాలం నీటిని తొట్లలో పట్టుకుని యేడాదంతా వాడుకునేవారు. వేసవిలో బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడిన మనకు ఆ తెలివి విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 2019 వానలకు ఇక్కడి పెద్ద స్తూపం కొంత కూలింది. రెండువేల యేళ్ళు మట్టి కింద భద్రంగా వున్నది, పైకి తీశాక మన కాపుదలలో దెబ్బతిన్నది. చూసేవాళ్ళు, అడిగేవాళ్ళు ఎక్కువైతేనే ఇలాంటివి నిలుస్తాయి.

ఎక్కు దిగు బస్సు ఇక్కడితో ఆగిపోతుంది. చరిత్ర మాత్రం ఆగదు. అదే రోడ్డు మీద భీమిలి బస్సెక్కితే ఎర్రమట్టి దిబ్బలు దాటి, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట దిగుతాం. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ డచ్చివారు వర్తకానికి దిగారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ వున్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861కే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. అప్పట్లో ఓడలు దూరంగా నిలిచేవి. మేకులు లేకుండా తాళ్ళతో కుట్టిన మసూలా పడవల మీద జాలరులు అలలకెదురు వెళ్ళి సరుకు దించేవారు. 1890లలో రైలు మార్గం వచ్చింది, 1933లో విశాఖ రేవు వచ్చింది. భీమిలి వెలవెలబోయింది. ఓడలు ఆగని రేవు, బస్సు ఆగని ఊరు ఒకటే. జనం మరిచిపోతారు.

భీమిలి నుంచి తగరపువలస మీదుగా విజయనగరం. దగ్గరలోనే పద్మనాభం వుంది. 1794 జూలై 10న చిన విజయరామరాజు కుంపిణీ సైన్యాలతో పోరాడి ప్రాణాలొదిలింది అక్కడే. ఊళ్ళో 1713నాటి కోట, 1919లో పెట్టిన సంగీత కళాశాల. మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. గాయని పి. సుశీల గారు పుట్టింది ఈ ఊళ్ళోనే, సంగీతం నేర్చుకున్నదీ ఈ కళాశాలలోనే.

విజయనగరంలో మీరు తప్పక దిగవలసింది గురజాడ అప్పారావు గారి ఇంటి దగ్గర. "కన్యాశుల్కం" మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. దానికి రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క వుంది. ఆనందగజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా తీయిస్తే, మూడేళ్ళలో 1034 తేలాయి. వాళ్ళలో 99 మంది అయిదేళ్ళ పిల్లలు. మూడేళ్ళవాళ్ళు 36 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. అమ్మిన తండ్రికీ కొన్న మగడికీ మధ్య, ఏ బండి ఎక్కిస్తున్నారో తెలియని పిల్లలు. ఆ బండి దిగే హక్కు వాళ్ళకు జీవితాంతం లేదు. దిగడం చిన్న సంగతి అని ఎవరైనా అంటే, ఆ లెక్క ఒకసారి చదివి వినిపించండి.

ఇక శ్రీకాకుళం. అక్కడి నుంచి కళింగపట్నం బస్సెక్కితే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ. ఇదీ బౌద్ధక్షేత్రమే. ఇక్కడ దొరికిన శిల్పాలలో తార, మారీచి అనే దేవతల విగ్రహాలున్నాయి. ఆదివారం అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని తిరిగొచ్చే మనం, అంత దగ్గరలో కొండ మీదున్న ఆ అమ్మవార్లను పలకరించనైనా లేదు. ఈ క్షేత్రాన్ని 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు రామమూర్తి గారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. కొండల్లోని సవరల దగ్గరకు తానే వెళ్ళి, వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. నలుగురూ మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పోరాడారు. మేడ దిగి జనంలోకి వచ్చిన పండితుడాయన. ఆయన పుట్టినరోజు 1863 ఆగస్టు 29. విశాఖలో ఎక్కు దిగు బస్సు కదిలింది కూడా ఆగస్టు 29నే. ఎవరూ అనుకుని చేసింది కాకపోవచ్చు, నాకు మాత్రం సబబుగా తోచింది.

మరి మనం ఎందుకు దిగం? భయం ఒకటే కాదు. దిగినచోట మరుగుదొడ్డి వుండదు. తాగే నీళ్ళుండవు. తర్వాతి బస్సు ఎప్పుడో రాసిన పలక వుండదు. చరిత్ర చెప్పే బోర్డు వున్నా అక్షరాలు చెరిగిపోయి వుంటాయి. టిక్కెట్టు మాఫీ చేసినవారు ఈ నాలుగూ కూడా చూస్తే, ఆడవాళ్ళు సగం దారి కాదు, పూర్తి దారి నడుస్తారు. విశాఖలో నడిపినట్టే శ్రీకాకుళంలో అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం కలుపుతూ ఒక ఎక్కు దిగు బస్సు నడిపితే పుణ్యమూ పురుషార్థమూ కలిసొస్తాయి. ఈ మాట అధికారులకు ఉత్తరంగా రాయవచ్చు. మహిళా సంఘాల సమావేశాలలో అడగవచ్చు.

అంతవరకూ ఊరుకోనక్కర్లేదు. నలుగురు కలిసి బయల్దేరండి. నీళ్ళసీసా, ఇంత పులిహోర, ఎండకు గొడుగు. ఎండ ముదరకముందే కొండలెక్కండి, సాయంత్రం పూట సముద్రం వైపు రండి. ఒక్క రోజులో అన్నీ చూడాలనుకోవద్దు. ఒక్కో ప్రయాణానికి ఒక్కచోట దిగినా చాలు. ఇంటికొచ్చాక చూసింది పిల్లలకు చెప్పండి, ముఖ్యంగా ఆడపిల్లలకు. ఈసారి బస్సులో వెళుతూ వాళ్ళు "అమ్మా, ఆ కొండేమిటి?" అని అడిగితే, "తెలీదు, కూర్చో" అనకండి. కండక్టరుకు చెప్పి దిగిపోండి.