జాగారం

పాము కరిచినవాణ్ని నిద్రపోనియ్యొద్దని మా బోధన్ దిక్కు పట్టింపు. శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగిన నేను ఆ జాగారాలు చూసినవాణ్నే. అరుగు మీద కూచోబెట్టి వేపాకు నమిలించేవాళ్లు. చేదు తెలియలేదన్నాడంటే విషం తలకెక్కినట్టే. రెప్పలు వాలితే చెంపల మీద కొట్టేవాళ్లు, అప్పటికీ తెరవకపోతే కళ్లలో పసరు పిండేవాళ్లు.

తర్వాత నిజామాబాద్‌లో కంటి పరీక్షల కొలువే నా బతుకైంది కాబట్టి చెప్తున్నాను, అది నిద్ర కాదు. నాగుపాము, కట్లపాముల విషం నరం ఇచ్చే ఆజ్ఞను కండరానికి చేరనివ్వదు. మొదట పడిపోయేవి రెప్పలే. తర్వాత కనుగుడ్లు తిరగవు, ఒక్క మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. ఆపైన మింగుడు, మాట, చివరికి ఊపిరి. స్పృహ మాత్రం ఉంటుంది. పాపం, ఆ చెంపదెబ్బలన్నీ తెలుస్తూనే ఉంటాయి. కట్లపాము మరీ మాయదారిది. రాత్రి నేల మీద పడుకున్నవాణ్ని కరిస్తే నొప్పి తెలియదు, గాటూ సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిన రెప్పలు.

పాములు ఈ నేలకు కొత్త కావు. కానీ 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక మెట్ట చేలు చెరకు తోటలయ్యాయి. తడి, నీడ, ఎలుకలు. పాముకు ఇంకేం కావాలి? ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా, కాలువ కింద వరి ఉంది, ఎలుకలూ ఉన్నాయి.

రక్తపింజర దారి వేరు. విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు, ఈస్టిండియా కుంపిణీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ 1796 నాటి తన పుస్తకంలో దాన్ని మనవాళ్లు పిలిచినట్టే ‘కాటుక రేకుల పొడ’ అని రాశాడు. తర్వాత శాస్త్రజ్ఞులు దానికి ఆయన పేరే పెట్టారు. దాని విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అరుదుగా రెటీనాలోనో, మెదడులో చూపుకు సంబంధించిన భాగంలోనో రక్తస్రావమవుతుంది. అలా పోయిన చూపు ఒక్కోసారి తిరిగి రాదు.

రెప్పలు వాలినవాళ్ల సంగతి అట్లా కాదు. వేళకు యాంటీవీనమ్, అవసరమైతే వెంటిలేటర్ అంది బతికి బయటపడితే రెప్పలు మళ్లీ లేస్తాయి, చూపు ఎప్పటిలాగే ఉంటుంది. అందుకే ‘పాము కాటుకు కన్ను పోయింది’ అని ఎవరైనా తెల్లటి పువ్వు వేసిన కన్ను చూపిస్తే నాకు అనుమానం పాము మీదకు పోదు. నల్లగుడ్డు పుండుపడి, మానాక మిగిలే మచ్చ అది. ఆ రాత్రి కంట్లో ఏం పోశారని అడుగుతాను.